మోచేతిలో మోసుకొచ్చిన కోణం

పోయిన నెలలో స్వాతి ఫోన్ చేసింది. నేను రిటైరయ్యాక మా హైస్కూల్లో లెక్కలు చెప్పడానికి నా స్థానంలో వచ్చిన అమ్మాయి. ఉద్యోగమూ కొత్తే, నూజివీడు ప్రాంతమూ కొత్తే. కుశలప్రశ్నలు అయ్యాక కాస్త గొంతు తగ్గించి, మీ పిల్లలతో నాకొక చిక్కొచ్చి పడిందండీ మేడం అంది. ఏడో తరగతిలో కొందరు పొద్దున బెల్లు కొట్టాక కుడిచెయ్యి మోచేతి దగ్గర వంచుకుని, ఎడమచేత్తో దాన్ని కదలకుండా పట్టుకుని క్లాసులోకి వస్తున్నారట. దెబ్బలు తగిలాయేమోనని స్వాతి హడలిపోయింది. అబ్బే లేదన్నారు. మరైతే దించండి అంటే, మీరు కొలిస్తే దించుతామండీ అని నిలబడ్డారట.

నాకు పట్టలేనంత నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. నేను బడి వదిలి వచ్చేశాను గానీ ఆ అలవాటు బడిని వదల్లేదన్నమాట. అక్కల్ని చూసి చెల్లెళ్ళు, అన్నల్ని చూసి తమ్ముళ్ళు, ఎందుకో కూడా తెలియకుండా దాన్ని నిలబెట్టారు. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదమ్మా, రాసి పంపిస్తానని స్వాతికి మాటిచ్చాను.

రాయడానికి కూర్చున్నాక ఒక్క స్వాతికే ఎందుకు, కొత్తగా లెక్కల క్లాసులోకి అడుగుపెట్టే ఎవరికైనా పనికొస్తుందనిపించింది. నా ప్రమోషన్లూ, బదిలీలూ, ఇన్‌స్పెక్షన్లూ ఇందులో ఉండవు. అవి ఎవరి సర్వీసులోనైనా ఒక్క తీరుగానే ఉంటాయి, చదివేవాళ్ళకి నిద్రొస్తుంది. కోణాలు చెప్పబోయి మేం తెచ్చిపెట్టిన ఒక రభస గురించి చెప్తాను. దానివల్ల మామిడితోట కాపలా కాసే ఒక కుటుంబానికి ఉన్న పనీ, గూడూ పోయేదాకా వచ్చింది. వాళ్ళమ్మాయికి చదువు ఆగిపోయేదాకా వచ్చింది. అది ఎలా తప్పిందో తెలియాలంటే కొంచెం ముందునుంచి చెప్పాలి.

గోడ మీద గడియారం, కత్తెర

ప్రతి బళ్ళోనూ ఒక చార్టు ఉంటుంది. నిత్యజీవితంలో కోణాలు అని పైన రంగుల అక్షరాలు. కింద గడియారం, కత్తెర, తెరిచిన పుస్తకం. ఆ చార్టు మీద నాకు మొదటినుంచీ గుర్రే. మన చుట్టూ కోణాలు ఎక్కడున్నాయిరా అని అడిగితే పిల్లలు గడియారం, కత్తెర, తెరిచిన పుస్తకం అని గడగడా అప్పజెప్పేస్తారు. ఒక్కడు కూడా తలెత్తి కిటికీలోంచి చూడడు. కిటికీ అవతల బోరింగు చెయ్యి పైకీ కిందికీ ఆడుతూ రకరకాల కోణాలు చూపిస్తూ ఉంటుంది. వంటపాక కప్పు వాలి ఉంటుంది. కరెంటు స్తంభానికి దన్నుగా లాగి కట్టిన తీగ ఉంటుంది. ఇవేవీ చార్టులో లేవు కాబట్టి వాళ్ళ దృష్టిలో కోణాలే కావు.

అందుకని ఏడో తరగతి వాళ్ళకి కోణాలు మొదలెట్టిన రోజు ఆ చార్టు తీసి బీరువా వెనక పెట్టేదాన్ని. ఎవరైనా అధికారి వస్తున్నారంటే మళ్ళీ తగిలించేదాన్ని. ఆ మాత్రం లౌక్యం లేకపోతే ఉద్యోగం చెయ్యలేం.

పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి కోణాలు చూపించమంటే వాళ్ళు ఏం చూస్తున్నారో మనకి తెలుస్తుంది. లోపల కూర్చోబెట్టి చెప్పినంతకాలం మనం ఏం చెప్పామో మనకి తెలుస్తుంది, అంతే. ఒకసారి నోటుపుస్తకం మూల చూపించి ఇదేంటర్రా అంటే అందరూ లంబకోణం అన్నారు. అదే పుస్తకాన్ని కొంచెం ఏటవాలుగా తిప్పి పట్టుకుని ఇప్పుడేంటి అన్నాను. కాసేపు చూసి ఒకడు, ఇది లంబకోణం కాదండీ, పడుకుందండీ అన్నాడు. క్లాసంతా అవునంటే అవునంది. నేను నవ్వి ఊరుకోలేదు. వాళ్ళకి అప్పటిదాకా లంబకోణం అంటే గోడలా నిలబడి ఉండేది మాత్రమే అని అప్పుడు అర్థమైంది. పుస్తకాన్ని చేతికిచ్చి గిరగిరా తిప్పించి, ఎటు తిప్పినా మూల మూలే అని వాళ్ళ నోటితోనే చెప్పించేదాకా ఆ రోజు ఇంకేమీ చెప్పలేదు.

ఆ చిక్కు అలా విడిపోయింది. ఇంకొకటి మాత్రం నన్ను ఏళ్ళ తరబడి ఏడిపించింది. బోర్డు మీద రెండు కోణాలు గీస్తాను. ఒకదానికి గీతలు పొడుగు, రెండోదానికి పొట్టి. తెరుచుకున్న మేర మాత్రం పొట్టిగీతలదే ఎక్కువ. ఏది పెద్ద కోణం అంటే పొడుగు గీతలదే అంటారు. కోణమానిని పెట్టి కొలిచి చూపిస్తే సరేనంటారు. మర్నాడు మళ్ళీ మామూలే. పైగా మాది మామిడి దేశం. రెండు కొమ్మలు చీలే చోటుని ఇక్కడ పంగ అంటారు. పంగలో కోణం ఉందని చెప్పడం సులువే. కానీ పెద్ద కొమ్మల పంగలో పెద్ద కోణం, చిన్న కొమ్మల పంగలో చిన్న కోణం అని వాళ్ళ లెక్క. పెద్ద చెట్టుకి ఎక్కువ కాయ కాస్తుంది కదా, కోణమూ అంతే అనుకునేవాళ్ళు. నేను ఎన్ని బొమ్మలు గీసినా ఆ మాట వాళ్ళ బుర్రలోంచి కదల్లేదు.

మా హెడ్మాస్టారు

అప్పటి హెడ్మాస్టారు వెంకటరత్నం గారు. ఆయన చెప్పేది సోషల్. మనిషి బంగారం, తొందర మాత్రం జాస్తి. స్టాఫ్‌రూమ్‌లో ఏ మంచిమాట చెవిన పడ్డా మర్నాడు ప్రార్థన దగ్గర దాన్ని ప్రకటించేస్తారు. ఒకసారి సైన్సు మాస్టారు ఉల్లిపొర గురించి ఏదో అంటే విని, అందరూ ఉల్లిపాయలు తెండి అన్నారు. వారం రోజులు బడంతా ఉల్లిపాయల వాసన.

ఒక మధ్యాహ్నం నేను ఆయన దగ్గర నా గోడు వెళ్ళబోసుకున్నాను. పిల్లలు కోణాన్ని బళ్ళో వస్తువనుకుంటున్నారండీ, వాళ్ళిళ్ళ దగ్గర, వాళ్ళ తోటల్లో ఉన్నదాన్ని వాళ్ళే కనిపెడితే బావుంటుంది అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. అప్పుడే నేను జాగ్రత్తపడాల్సింది. మర్నాడు ప్రార్థన అయ్యాక ఆయన మెట్టెక్కి, ఏడో తరగతి పిల్లలందరూ రేపు మీ ఇంటి దగ్గర్నుంచి తలా ఒక కోణం తీసుకురావాలి, ఎవరు పెద్ద కోణం తెస్తారో చూస్తాను అని ప్రకటించారు.

ఆయన ఉద్దేశం బొమ్మ గీసుకు రమ్మనో, చూసి వచ్చి చెప్పమనో. పిల్లలు విన్నది మాత్రం తీసుకురమ్మని. అది కూడా పెద్దది.

అది మామిడి పూత మీదున్న సమయం. ఈ ప్రాంతంలో ఆ రోజుల్లో చెట్టు జోలికి ఎవరూ పోరు. గుమ్మానికి తోరణం కట్టాలన్నా తోట ఆసామిని అడిగి నాలుగాకులు కోసుకుంటారు. పూత ఉన్న రెమ్మ విరిస్తే ఆ కాపు విరిచినట్టే. మా పిల్లల్లో చాలామంది తోటల్లో కూలికి వెళ్ళేవాళ్ళ బిడ్డలే. ఈ సంగతి వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ హెడ్మాస్టారు తెమ్మన్నారు అన్న ఒక్కమాట చాలు, ఇంట్లో పెట్టిన భయాలన్నీ గాలికి పోయాయి.

పూత వాసన

మర్నాడు క్లాసు గుమ్మంలో అడుగు పెడుతుంటేనే మామిడి పూత వాసన గుప్పుమంది. బెంచీల మీద, నేల మీద, కిటికీల్లో ఎక్కడ చూసినా పంగలే. వేలెడు రెమ్మలతో మొదలై, ఇద్దరు కలిసి ఈడ్చుకొచ్చిన కొమ్మల దాకా ఉన్నాయి. పెద్ద కొమ్మకి పెద్ద కోణం కదా, ఒకణ్ణి మించి ఒకడు పెద్దది విరిచారు. పూతగుత్తులు ఊడి నేలంతా రాలాయి. కొమ్మలతో పాటు ఎర్రచీమలు కూడా వచ్చాయి. సగం క్లాసు గోక్కుంటోంది.

మామిడి తేనివాళ్ళు కూడా ఉన్నారు. ఒకమ్మాయి కత్తిపీట తెచ్చింది. దాన్ని వంటావిడ చూసి, పొద్దున్నే మంచి పని చేశావమ్మా అని కూరగాయలకి పట్టుకుపోయింది. ఒకడు కొమ్ముల మధ్య కోణం చూపిద్దామని మేకనే తోలుకొచ్చాడు. దాన్ని గేటు దగ్గర ఆపారు. లోపలి పూత వాసనకి అది ఒకటే అరుపు.

ఆ కొమ్మలు ఎక్కడివో నేను అడిగేలోపే గుమ్మం దగ్గర నాగదుర్గ కనిపించింది.

నాగదుర్గ వాళ్ళ నాన్న నాంచారయ్య బడికి దగ్గరలోనే ఉన్న సుబ్బారావు గారి తోటకి కాపలా. మా వైపు పద్ధతేంటంటే, పూత మొదలవగానే కాపలా కుటుంబం సామాను సర్దుకుని తోటలోకి మారిపోతుంది. కాపు దిగేదాకా అక్కడే పాక, అక్కడే వంట, అక్కడే కాపురం. పొయ్యిలోకి కూడా రాలిన పుల్లలే ఏరుకుంటారు తప్ప పచ్చికొమ్మ మీద చెయ్యి వెయ్యరు. ఆ పిల్ల ఆ కట్టుబాటులోనే పెరిగింది. క్లాసులో వెనక బెంచీ. అడిగితే తప్ప మాట్లాడదు. పొడుగు గీతలదే పెద్ద కోణం అనేవాళ్ళలో తనూ ఒకతే.

ఆ రోజు నాగదుర్గ చేతిలో కొమ్మ లేదు, రెమ్మ లేదు. కుడిచెయ్యి మోచేతి దగ్గర వంచి, ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని నిలబడి ఉంది. సంచీ పక్కపిల్ల మోస్తోంది. కోణం తెచ్చానండీ టీచర్ అంది. నేను ఆ గందరగోళంలో సరిగ్గా వినలేదు. లోపలికి రా అమ్మా, చూస్తాను అన్నాను. అంతలోకే బయట మోటారుసైకిలు చప్పుడైంది.

కాపలా ఎవరిది

వచ్చింది సుబ్బారావు గారు. వెనక కూర్చుని నాంచారయ్య. పూతని పాడుచేసే తేనెమంచు పురుగుకి మందు కొట్టిస్తున్న రోజది. నాంచారయ్య తోటకి ఆ చివర మందు కలపడానికి డ్రమ్ముల్లో నీళ్ళు నింపుతున్నాడు. అదే సమయంలో ఈ చివర రోడ్డువారగా ఉన్న చెట్లని బడికొచ్చే పిల్లలు విరిచేశారు. ఆసామి వచ్చేసరికి ఆ వరసంతా చేతులు విరిగి నిలబడి ఉంది. కంచె పక్కన రాలిన పూతని చూసుకుంటూ వస్తే దారి సరాసరి మా క్లాసులోకి తీసుకొచ్చింది.

సుబ్బారావు గారు గుమ్మంలో నిలబడి లోపలికి చూశారు. అరిచి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది. ఒక కొమ్మ ఎత్తి, పూత వైపు చూసి, మళ్ళీ కింద పెట్టారు. పిల్లలు గోక్కోవడం కూడా మానేశారు.

నేను నోరు తెరిచేలోపే వెంకటరత్నం గారు పరుగున వచ్చారు. ఇక్కడే ఆయన గురించి రాయాలి. అప్పటికి ఆయనకి తప్పించుకోవడానికి దారులు చాలా ఉన్నాయి. లెక్కల టీచరు పనండీ అనొచ్చు, అందులో కొంత నిజం కూడా ఉంది. పిల్లలు తప్పుగా అర్థం చేసుకున్నారండీ అనొచ్చు, అదీ నిజమే. ఆయన రెండూ అనలేదు. తీసుకురమ్మని చెప్పింది నేనేనండీ, ఈ పిల్లలదీ, టీచరు గారిదీ, మీ కాపలా మనిషిదీ ఇందులో ఏమీ లేదు అన్నారు. చేతులు జోడించి అన్నారు. నేను ఎంతోమంది హెడ్మాస్టర్ల దగ్గర పనిచేశాను. పిల్లల ముందు, పరాయి మనిషి ముందు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తప్పు తన మీద వేసుకున్న హెడ్మాస్టారు ఆయనే. ఆయన తొందర మీద నాకున్న విసుగంతా ఆ రోజుతో పోయింది.

సుబ్బారావు గారు మొండి మనిషి కాదు. అలాగని మెత్తని మనిషీ కాదు. ఆయన హెడ్మాస్టారి మాట మొత్తం విన్నారు.

"మీరు పొరపాటున చెప్పారు, బాగానే ఉంది మాస్టారూ. కానీ తోటకి కాపలా మిమ్మల్ని పెట్టుకోలేదు కదండీ. ఇతన్ని పెట్టుకున్నాను. ఇతనుండగా ఇంత పోతే, ఇంక కాపలా ఉండి ఏం లాభం?"

తోట ఖాళీ చెయ్యమని అప్పటికే చెప్పేశారని నాంచారయ్య మొహం చూస్తే తెలుస్తోంది. సీజను మధ్యలో తీసేసిన కాపలావాణ్ణి ఇంకో తోటలో పెట్టుకోరు. మైలవరం అవతల అత్తగారి ఊరికి పోవడం తప్ప దారి లేదు. అతను ఎవరితోనూ వాదించలేదు. బెంచీల మధ్యనుంచి కూతురి దగ్గరికి వచ్చి, "పద అమ్మా, పుస్తకాలు తీసుకో. ఊరెళ్ళిపోవాలి" అన్నాడు.

నేను అడ్డుపడి, పిల్లని పరీక్షలదాకా మా ఇంట్లో ఉంచుకుంటానన్నాను. వద్దండీ టీచర్, దాన్ని వదిలి వాళ్ళమ్మ ఉండలేదు అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను.

ఆ చెయ్యి

వెనకనుంచి పుస్తకాలు కిందపడిన చప్పుడైంది. నాగదుర్గ ఒంటిచేత్తో సంచీ ఎత్తబోతే జారిపోయింది. కుడిచెయ్యి మాత్రం వంచినది వంచినట్టే ఉంది. పడ్డ పుస్తకాలు ఎడమచేత్తోనే ఒక్కొక్కటీ ఏరుకుంటోంది. సుబ్బారావు గారు అది చూశారు.

"ఆ చెయ్యికేమైందమ్మా? ఎక్కడన్నా పడ్డావా?"

"లేదండి. కోణం అండి."

ఆయనకి అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ అప్పటిదాకా అర్థం కాలేదు. నాగదుర్గ ఆయనకి భయపడుతూనే చెప్పింది.

"మీ చెట్టుదేనండి. బావి గట్టు పక్కన చిన్నరసం చెట్టు ఉంది కదండీ, దాని మొదటి పంగ. హెడ్మాస్టారు తెమ్మన్నారు. కొమ్మ ఇరగ్గొట్టకూడదు కదండీ. అందుకని చేత్తో తెచ్చాను."

భుజంనుంచి మోచేతిదాకా ఒక కొమ్మకి ఆనించి, మోచేతినుంచి వేళ్ళదాకా రెండో కొమ్మ వెంబడి చాపి, అది అలాగే బిగబట్టుకుని తోటలోంచి బడిదాకా నడిచి వచ్చింది. దారిలో మిగతా పిల్లలు కొమ్మలు విరుస్తుంటే వద్దని అరిచిందట. పెద్ద టీచర్ వచ్చిందిరా అని వాళ్ళు వెక్కిరించారట. ఇది చెప్పింది నాగదుర్గ కాదు. వెక్కిరించిన వాళ్ళలోనే ఒకమ్మాయి ఏడుస్తూ లేచి చెప్పింది.

సుబ్బారావు గారు నేలమీద కొమ్మల్ని ఒకసారి చూశారు, ఆ చేతిని ఒకసారి చూశారు. వెళ్ళడానికన్నట్టు గుమ్మం వైపు రెండడుగులు వేసి ఆగిపోయారు. వెనక్కి తిరిగి నాంచారయ్యతో కాదు, మా హెడ్మాస్టారితో అన్నారు.

"బళ్ళో పెద్దాయన తెమ్మన్నా కొమ్మ ఇరవని పిల్ల ఇది. ఇలాంటి పిల్లని పెంచిన ఇంటోళ్ళని తీసేసి, ఇంకెవర్ని పెట్టుకోమంటారు మాస్టారూ?"

నాంచారయ్య అక్కడే నేలమీద కూర్చుండిపోయాడు. వెంకటరత్నం గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు, ఎంతకీ ఆపలేదు. పోయిన పూత పోయింది, రోడ్డువైపు కంచె బిగించాలి, నువ్వొక్కడివే రెండు చివరలా ఎలా ఉంటావు, మందు కొట్టే రోజుల్లో ఇంకో మనిషిని పెడతాను అని సుబ్బారావు గారు మామూలు గొంతుతో పనుల సంగతి మాట్లాడటం మొదలెట్టారు. అలా మాట్లాడుతున్నారంటే కోపం పోయినట్టే. నాంచారయ్య లేచి కూతురి దగ్గరికి వచ్చి తల నిమిరాడు.

"ఇంక దించమ్మా ఆ చెయ్యి."

ఆ పిల్ల నావైపు ఒకసారి చూసింది.

"టీచర్ ఇంకా కొలవలేదు నాన్నా."

అప్పుడు నా మనసులో కలిగింది ఎలా రాయాలో ఇప్పటికీ తెలియదు. తండ్రి పని పోయిందని విన్నప్పుడు దించలేదు. ఊరొదిలి పోవాలన్నప్పుడు దించలేదు. బడి మానేసి వెళ్ళిపోతూ పుస్తకాలు ఏరుకుంటున్నప్పుడు కూడా దించలేదు. తెమ్మన్నారు, తెచ్చింది, టీచరు కొలవాలి. నా సర్వీసు మొత్తంలో నా పాఠాన్ని అంత గౌరవించినవాళ్ళు ఇంకెవరూ లేరు.

బోర్డు మీద వాడే పెద్ద చెక్క కోణమానిని తెచ్చి, ఆ పిల్ల మోచేతి కింద పెట్టి కొలిచాను. తను చెయ్యి కదల్చలేదు. అరవై డిగ్రీలు దాటి కొంచెం ఉంది. పైకి చదివాను. వెనకనుంచి ఒకడు అనుమానంగా, అంత పెద్ద చెట్టుది ఇంతేనాండీ, ఇంత చిన్న చేతిలో ఎలా పట్టిందండీ అన్నాడు. ఆ ప్రశ్న కోసం నేను ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నాను. నేను జవాబు చెప్పేలోపే పక్కవాడు చెప్పేశాడు. కొమ్మ పొడుగుతో పనేముందిరా, ఎంత తెరుచుకుందన్నదే కదా అన్నాడు. బొమ్మలు గీసి గీసి నేను చెప్పలేకపోయినది నాగదుర్గ మోచెయ్యి చెప్పేసింది. ఆ క్లాసులో పొడుగు గీతలదే పెద్ద కోణం అన్నవాళ్ళు ఆ తర్వాత లేరు.

నాగదుర్గ అప్పుడు చెయ్యి దించి, రెండుమూడుసార్లు చాపి ముడిచింది. నడిచేటప్పుడు కొంచెం తెరుచుకుని ఉంటుందండీ, చెట్టు దగ్గర పెట్టి సరిచూడాలి అంది. గుమ్మంలో సుబ్బారావు గారు ఇంకా ఉన్నారు. రేపు అందరూ రండి, చూసుకోండి, అయితే చేతులే తెచ్చుకోండి అన్నారు.

స్వాతికి

మర్నాడు క్లాసు మొత్తం తోటలోకి వెళ్ళాం. పిల్లలు ఒక్కో చెట్టు దగ్గరా ఒక్కో పంగకి మోచేతులు ఆనించి, వంచిన చేతులతో వరసగా రోడ్డు మీద నడుచుకుంటూ బడికొచ్చారు. విస్సన్నపేట బస్సు డ్రైవరు బండి నెమ్మది చేసి మరీ చూశాడు. బడికొచ్చాక అన్నీ కొలిచాం. అన్నీ బోర్డు మీద రాశాం. ఒక్క రెమ్మ కూడా విరగలేదు. ఆ తర్వాత ఏటా ఏడో తరగతిలో అదే పద్ధతి. వంటపాక కప్పు దగ్గర్నుంచి, ట్రాక్టరు ట్రాలీ దగ్గర్నుంచి, ఉయ్యాల తాళ్ళ దగ్గర్నుంచి పిల్లలు చేతుల్లో కోణాలు తెచ్చేవాళ్ళు. చార్టు బీరువా వెనక చెదలు పట్టిపోయింది.

వెంకటరత్నం గారు ఉన్నన్నాళ్ళూ ప్రార్థన దగ్గర ఏదైనా ప్రకటించే ముందు నావైపు చూసేవారు. నేను తల ఊపితే అప్పుడు చెప్పేవారు. ఊపకపోయినా ఒక్కోసారి చెప్పేసేవారు, అది వేరే సంగతి.

నాగదుర్గ పది మా దగ్గరే పూర్తిచేసింది. మార్కులు మరీ గొప్పవేం కాదు. ఇప్పుడు విస్సన్నపేటలో బట్టలు కుట్టే షాపు పెట్టుకుంది. నా జాకెట్లన్నీ అక్కడే. చేతుల కొలత తీసుకునేటప్పుడు చెయ్యి వంచండి టీచర్ అంటుంది. వంచుతాను. ఇద్దరం నవ్వుకుంటాం. టేపు పెట్టేదాకా నేను దించను.

చూడు స్వాతీ, ఈ ఉద్యోగంలో మనకి చాలా పనులు చెప్తారు. వాటిల్లో సగం మన కోసం కాదు, పిల్లల కోసం అసలే కాదు. అవన్నీ చెయ్యి, తప్పదు. కానీ రేపు పొద్దున ఎవరైనా మోచెయ్యి వంచుకుని నీ గుమ్మంలో నిలబడితే, ఆ పిల్ల ఎక్కడినుంచో, దేన్నీ విరవకుండా, జాగ్రత్తగా నీ కోసం ఒకటి మోసుకొచ్చిందని తెలుసుకో. హాజరు తర్వాత వేసుకోవచ్చు. ముందు కొలువు.